కరవునాటి ఓదార్పు

మేము నివసించు శ్రీరాంపూర్ బొగ్గుగనుల ఊరు. మంచిర్యాలకు చేరువను, గోదావరికి ఉత్తరమున నున్నది. ఇచట జనులు సూర్యుని చూచుటకంటె గని సైరను వినియే ప్రొద్దు తెలిసికొందురు. మొదటి షిఫ్టునకు పోయినవాడు ఇల్లు చేరువరకు ఆ యింటి యిల్లాలి చెవి వాకిటి వైపే యుండును.

కొంతకాలము క్రిందట మా వీథిలో ఒక వృద్ధురాలి కుమారుడు, ఎదిగినవాడు, జబ్బుచేసి మరణించెను. ఆమె క్రైస్తవురాలు. మేము పరామర్శకు పోవునప్పటికి నలుగురైదుగురు స్త్రీలు చాపమీద కూర్చుండి కీర్తన పాడుచుండిరి. ఆమెయు పూడిన గొంతుతోనే వారితో కలిసి పాడుచుండెను. పాట ముగిసిన పిమ్మట, "అమ్మా, దీనివలన దుఃఖము కొంత తగ్గినదా?" యని యడిగితిమి. అడుగదగని ప్రశ్నయే. ఆమె మా వైపు చూచి, "దుఃఖం యాడికి పోతది సారూ? కాకపోతే దాంట్ల నేనొక్కదాన్నే లేను" అనెను.

తిరిగి వచ్చుచుండగా మాతో నున్న మిత్రుడొకడు, చదువుకొన్నవాడు, సంస్కరణాభిమాని, "ఇది అన్నము పెట్టి కొన్న మతము. కరవులో తాతలకు గంజి పోసిరి, మనుమలకు పాట మిగిలినది" అనెను. మేమప్పుడు మాఱు పలుకలేదు. మేము క్రైస్తవులము కాము. ఆ మతమును సమర్థించుట మా పని కాదు. కాని ఆ వృద్ధురాలి మాట మా చెవిలో నుండగనే ఈ మాటయు వినబడుటచే మనస్సు కుదుటపడ లేదు. కరవులో మతము పుచ్చుకొన్న మన తెలుగు పేదలు నిజముగా అన్నమునకే అమ్ముడుపోయిరా? లేక వారికి అన్నముగాక మఱియేదైన దొరకినదా? ఈ ప్రశ్నకు ఉత్తరము ఊహలో కాక చరిత్రలో వెదకవలయునని తోచి, మాకు తెలిసినంతవఱకు ఇచట వ్రాయుచున్నాము.

మా ఊరి పేరుగలదియే మఱియొక శ్రీరాంపూర్ బంగాళమున, కలకత్తాకు ఎగువ హుగ్లీనది యొడ్డున కలదు. మన కథ అచటనే మొదలగును. 1800వ సంవత్సరమున విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను ముగ్గురు బాప్టిస్టు పాదిరీలు అచట ముద్రణాలయము నెలకొల్పిరి. కేరీ మన భాషను నేర్చి తెలుగు వ్యాకరణము నొకదానిని ఇంగ్లీషున వ్రాసెను. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము ఆ ముద్రణాలయమున నిప్పు పుట్టి కాగితము, అక్షరములు, వ్రాతప్రతులు కాలి బూడిదయ్యెను. కాలిపోయిన వానిలో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణమును ఉండెను. అప్పటికే అతడు ఒక చిన్న కుమారుని జబ్బుకు పోగొట్టుకొని, మతి చెడిన భార్యను ఏండ్లతరబడి కనిపెట్టి, ఆమెను గూడ మట్టిలో కలిపినవాడు. మంట తరువాత వచ్చిన బోధలో అతడు 46వ కీర్తన యందలి ఒక మాటను తీసికొనెను. దైవము దైవమని తెలిసికొని నిమ్మళముగా నుండవలెనని దాని భావము. ఆ బోధ యైన పిమ్మట అతడు ఊరకుండలేదు. బూడిదలో కరగిన లోహమును ఏఱి, దక్కిన అచ్చుల సాయమున అక్షరములను మఱల పోతపోయించిరి. తెలుగు వ్యాకరణమును మొదటినుండి తిరిగి వ్రాసి 1814లో ప్రకటించెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన యొకటి ఆ ముద్రణాలయముననే అచ్చయ్యెను.

ఈ సంగతిని ముందుగా చెప్పుటకు కారణము కలదు. ఓదార్పు అనగా కన్నీరు తుడుచుకొని చేతులు ముడుచుకొని కూర్చుండుట యని మనలో పెక్కుమంది తలంతురు. కాలిన పుస్తకమును తిరిగి వ్రాయుటకు కావలసిన బలమును గూడ ఓదార్పనియే పిలువవలయును. ఈ కొలతతోనే మన కరవు కథను కొలిచి చూతము.

పుస్తకము అచ్చయినంత మాత్రమున అది పేదవాని గుడిసె చేరలేదు. అమెరికా బాప్టిస్టు సంఘము తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరెను. పిమ్మట పాతికేండ్లలో అచట చేరిన శిష్యులు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. ఫలము లేని ఈ పనిని మానివేయుదమా యని అమెరికాలోని పెద్దలు పలుమారులు తర్కించిరి. అట్టి రోజులలో 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ అను పాదిరీ, అతని భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తము ఐదుగురు, ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి ఆ ప్రాంతమునకు ఒక బోధకుడు రావలెనని ప్రార్థించిరి. దానిని నేటికిని ప్రార్థన కొండ యందురు. ఆ బోధకుడు వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టినది. 1866లో ఒంగోలు చేరిన జాన్ ఎవరెట్ క్లౌ వచ్చినప్పుడు ముప్పదేండ్లవాడు. పాదిరీ కాకమునుపు అతడు భూమి కొలిచెడి సర్వేయరు పని నేర్చినవాడు. ఈ చిన్న సంగతి ముందు పనికివచ్చును.

ఆ 1866వ సంవత్సరముననే యెఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగ, తోళ్ల వ్యాపారి, భార్యతో కూడ బాప్తిస్మము పొందెను. ఇతడు దొర వచ్చి పిలువగా లేచినవాడు కాడు. అంతకుముందే గురువుల నాశ్రయించి, యోగమార్గమున మనశ్శాంతి వెదకుచు తిరిగినవాడు. అప్పటికి కరవు లేదు, గంజికేంద్రము లేదు. చేతిలో కాసున్న ఒక వర్తకుడు శాంతి కొఱకు వెదకి ఈ మార్గమున చేరెను. చేరి ఊరకుండక, తన కులమువారి పల్లెలన్నియు కాలినడకన తిరిగి తనకు దొరకినదానిని వారికి చెప్పెను. ఒంగోలు ప్రాంతమున క్రైస్తవము ప్రాకుటకు దొరలకంటె ఇతనివంటి వారి కాళ్లే ముఖ్యకారణమని చరిత్ర చదివిన వారెల్లరు ఒప్పుకొందురు.

మాదిగలు చేరుట ప్రారంభించునప్పటికి ఒక చిక్కు వచ్చినది. ఒంగోలులో కొందఱు అగ్రవర్ణపు యువకులు క్లౌ బడికి వచ్చుచు, మతముపై ఆదరము చూపుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో మేము రామని వారు తేటగా చెప్పిరి. చదువుకొన్నవారిని పోగొట్టుకొనుటయా, చెప్పులు కుట్టువారిని తరిమివేయుటయా? క్లౌయు అతని భార్య హారియెట్టును వేఱువేఱు గదులలో బైబిలు తెఱవగా ఇద్దఱికిని ఒకే భాగము, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో లోకము నీచముగా నెంచినవారిని దేవుడు ఏర్పఱచుకొనుటను గూర్చిన మాటలు, కనబడెనని క్లౌ తరువాత చెప్పెను. దీనిని దైవఘటన యనువారు అందురు, కాకతాళీయ మనువారు అందురు. ఫలితము మాత్రము చరిత్ర. వారు మాదిగలను విడువలేదు. అగ్రవర్ణపు పిల్లలు బడి విడిచిరి.

ఈ మతము పుచ్చుకొన్న మాదిగకు మొదట దొరకినది అన్నము కాదు, దెబ్బలు. అతడు ఆదివారము పనికి రానన్నాడు. చచ్చిన పశువు మాంసము తిననన్నాడు. గ్రామదేవత కొలువులో డప్పు కొట్టనన్నాడు. ఊరివారికి కోపము వచ్చెను. మాదిగ పల్లె పని మాన్పించుట, బావి దరికి రానీయకుండుట, లేనిపోని నేరములు మోపుట మొదలైనవి జరిగెను. వెట్టిచాకిరిపై నిలిచిన గ్రామవ్యవస్థలో ఒక మాదిగ డప్పు దించుట చిన్న సంగతి కాదు. అన్నమునకే మతము మార్చెడివాడు ఉన్న అన్నమును పోగొట్టుకొనునట్టి మతమును ఏల పుచ్చుకొనును? మా మిత్రుడు ఈ పదేండ్ల చరిత్రను మఱచెను.

ఇక ధాత కరవు. 1876లో, ధాత నామ సంవత్సరమున, చెన్నపురి రాజధానిలో వానలు తప్పెను. మఱుసటి ఈశ్వర సంవత్సరమంతయు కరవు సాగెను. మన పెద్దలు దానిని ధాత కరవని నేటికిని చెప్పుకొందురు. 1876 మొదలు 1878 వరకు భారతదేశమున ఈ క్షామమునకు చచ్చినవారు యాబది లక్షలకు పైబడిరని సామాన్యముగా చెప్పు లెక్క. సీమలో ధాన్యము లేకపోలేదు. కొనుటకు పేదవాని చేతిలో పైకము లేదు. రైలు బండ్లు రేవులకు ధాన్యమును మోయుచునే యుండెను. వైస్రాయి లిట్టను ప్రభువు వ్యయము తగ్గింపుమని సర్ రిచర్డ్ టెంపులును పంపెను. అతడు సహాయపు పనులలో దినమంతయు మట్టి మోసెడి మగవానికి ఒక పౌను ధాన్యమును, కొలది పైకమును చాలునని నిర్ణయించెను. చెన్నపురి ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ ఇది ఆకలిచావునకు కూలి యిచ్చుటయే యని వాదించెను. ఆ కూలితో మనుష్యులు ఎముకల గూడులై, కలరా వచ్చినప్పుడు గుంపులు గుంపులుగా రాలిపోయిరి.

చెన్నపురి గవర్నరు బకింగుహాం ప్రభువు పేర సముద్రపు టొడ్డునగల కాలువలో కొంత భాగము ఆ కరవుపని ఫలమే. ఉత్తరమున పెదగంజాము కడ కృష్ణా కాలువలతో దీనిని కలిపిరి. అందులో సుమారు మూడున్నర మైళ్ల పనిని క్లౌ కాంట్రాక్టు తీసికొనెను. సర్వేయరు విద్య అప్పుడు పనికివచ్చెను. సామాన్యపు కాంట్రాక్టరు క్రింద మాదిగ, మాల కూలీలు పనికి పోయిన, మేస్త్రీలు తిట్టి కొట్టి కూలిలో కొంత మ్రింగివేయుదురు. కులమును బట్టి నీళ్లు త్రాగనీయరు. క్లౌ తన తెలుగు బోధకులను మేస్త్రీలుగా నిలిపెను.  కూలి సరిగా చేతికి వచ్చుటయు, తిట్టు లేకుండుటయు, తన కులపువాడే తనపై అధికారిగా నిలుచుటయు కూలీకి అదియే తొలిసారి. వేలమంది అచట చేరిరి. మధ్యాహ్నము పని ఆగినప్పుడును, సాయంకాలము గుడిసెలయొద్దను బోధకులు గుంపులో కూర్చుండి ప్రయాసపడువారిని, భారము మోయువారిని రమ్మని పిలిచిన క్రీస్తును గూర్చి చెప్పెడివారు. దినమెల్ల మట్టిగంప మోసిన నెత్తికి భారమన నేమో వివరింప నక్కఱలేదు.

మా మిత్రుని ప్రశ్నకు ఇచటనే పరీక్ష. కరవు సాగినంత కాలము, పదునైదు నెలల వఱకు, క్లౌ ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. అన్నము పంచుచు మతము ఇచ్చిన ఏది దేనికొఱకో తెలియదని అతని సంశయము. వేడుకొన్నవారిని గూడ ఆపెను. 1878లో వానలు పడి, సహాయపు పనులు ముగిసి, పంచుటకు పైకము లేనప్పుడు ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మ యొడ్డునగల వెల్లంపల్లి కడకు శిష్యులను రమ్మనెను. సాయము కోరువారు రావలదనియు, ఇక ఈయుటకు ఏమియు లేదనియు ముందే చెప్పి పంపెను. అయినను జనులు వేలకొలది వచ్చిరి. సాయము అడుగుటకు రాలేదనియు, పని చేయు చేతులు తమకు కలవనియు, వానికి బొబ్బలే సాక్ష్యమనియు, మఱల కరవు వచ్చి చచ్చినను క్రైస్తవులుగా చావ గోరుచున్నామనియు వారు చెప్పిరని క్లౌ వ్రాసియుంచెను.

1878 జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మ నీటిలో బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి చేరినవారు 9,606 మంది. ఆ దినము క్లౌ నీటిలో దిగలేదు. ఆఱుగురు తెలుగు బోధకులు ఇద్దఱిద్దఱుగా వంతులు వేసికొని, ప్రతివాని పేరు పిలిచి, చేయి పట్టి నీటిలో దింపి యెత్తిరి.

అంతమాత్రమున వారందఱును నిర్మలమైన ఆత్మచింతతోనే వచ్చిరని మేము చెప్పము. మనుష్యుని మనస్సులో ఆకలియు ఆశయు భక్తియు వేఱువేఱు గదులలో కాపురముండవు. కరవులో తన పక్షమున నిలిచినవాని దేవుని నమ్ముట కృతజ్ఞతయు కావచ్చును. రేపు మఱల కరవు వచ్చిన ఆదుకొనువాడు ఒకడుండునను ఆశయు కావచ్చును. క్లౌ ఆ సంవత్సరము చాల తొందరపడెనని అతని మతమువారే కొందఱు నిందించిరి. తరువాత జాఱిపోయినవారును కలరు. ఇవి యన్నియు ఒప్పుకొన్న పిమ్మటగూడ ఒక నిజము నిలిచియే యున్నది. అన్నము నిలిచిపోయిన పిదప వచ్చినవారు అన్నమునకు వచ్చిరనుట న్యాయము కాదు.

వారికి దొరకిన ఓదార్పు ఏమి? ఈ సంగతి సంస్కృతము చదువుకొన్న మావంటివారు తమ గుండెమీద చేయి వేసికొని ఆలోచింపవలయును. ఆర్తుని మొఱ వినెడి దైవము మనకు క్రొత్త కాదు. మొసలి నోట చిక్కిన ఏనుగు మొఱపెట్టగా పరుగెత్తి వచ్చిన దేవుని కథ పోతన భాగవతములో చదివి కన్నీరు కార్చని తెలుగువాడు లేడు. కాని ఆ కథ పురాణకాలక్షేపముగా జరుగు గుడి మంటపమున ఆ మాదిగకు చోటు లేదు. ఏనుగు మొఱ వినిన దేవుని గుమ్మము మనుష్యునికి మూసియుంచినవారము మనమే. ఓదార్పు మన యింట లేక వారు పరుల యింటికి పోలేదు; మన యింట నున్న దానిని మనము వారికి అందనీయలేదు. పరమతస్థుడు వచ్చి గంజి పోసెనని నిందించుటకుముందు, ఆ గంజి మన వంటింటినుండి ఏల పోలేదని అడుగుకొనవలయును.

వారు వినిన కథలో దేవుడు మహిమతో పరుగెత్తి వచ్చి మొసలిని చంపలేదు. తానే పట్టుబడెను, కొట్టబడెను, ఊరి వెలుపల నేరగాండ్ర నడుమ చంపబడెను. ఊరి వెలుపల అనుమాట మాదిగపల్లెవానికి వ్యాఖ్యానము లేకయే అర్థమగును. తన వాడలోనే తనవలె బాధపడిన దేవుడొకడున్నాడని తెలిసినవానికి బాధ పోదు. ఆ బాధ తన పాపమునకు శిక్ష యనియో, పుట్టుకకు తగిన వ్రాత యనియో అనుకొనుట పోవును. కరవులో చచ్చువానికి నీ కర్మ యని చెప్పుటకును, నీతో నేనుంటినని చెప్పుటకును ఎంత దూరమున్నదో ఆకలిగొన్నవానికే తెలియును. మా వీథి వృద్ధురాలు చెప్పిన మాట ఇదియే. దుఃఖము పోలేదు, అందులో ఒంటరితనము పోయినది.

దీనికి తోడు పాట. ఒడిశాలో 1833లో క్రైస్తవుడైన పురుషోత్తమ చౌదరి మొదలుగా పలువురు తెలుగు కవులు దేశీయ రాగములలో క్రైస్తవ కీర్తనలు వ్రాసిరి. అక్షరము రాని తల్లియు వానిని కంఠస్థము చేసికొనెను. చావింట ఒకరు ఎత్తుకొనగా పదిమంది అందుకొందురు. చదువు లేనివానికి ఆ పాటయే గ్రంథము, ఆ పదిమందియే బంధువర్గము.

మా బొగ్గుసీమకును ఈ చరిత్రకును సంబంధము కలదు. ఇల్లెందు కడ సింగరేణి బొగ్గు త్రవ్వుట 1889లో ప్రారంభమైనది. ఆ బొగ్గు బండ్లు పెద్ద దారి కలియు జంక్షను డోర్నకల్. ఆ చిన్న ఊరికి తిరునల్వేలి నుండి వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో వచ్చెను. ఆ జిల్లా క్రైస్తవులు తమ చందాలతోనే 1903లో నెలకొల్పిన సంఘము అతనిని పంపినది. ఇది దొరల పైకము కాదని చదువరులు గమనింతురు గాక. 1912 డిసెంబరు 29వ తేదీన అతడు డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తు డయ్యెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన తొలి భారతీయుడు అతడే. 1945 జనవరి 1వ తేదీన మరణించువఱకు అతడు మాల మాదిగ పల్లెలు తిరుగుచు త్రాగుడు మానుడనియు, అప్పు చేయకుడనియు, పిల్లలను బడికి పంపుడనియు బోధించెను. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ దేవాలయమున గుడి స్తంభముల పోలికయు, మసీదు గుమ్మటముల పోలికయు కలిసి కనబడును. మెదకులో పాస్నెట్టు అను పాదిరీ 1914లో మొదలిడిన గొప్ప దేవాలయము 1924 క్రిస్టమసు దినమున ప్రతిష్ఠింపబడెను. దాని రాళ్లు మోసిన కూలి కరవు రోజులలో ఆ పల్లెలకు కూడు పెట్టెనని అచటివారు చెప్పుకొందురు.

ఇంతవఱకు చెప్పినది ఒక ప్రక్క. రెండవ ప్రక్క చెప్పనిచో మా వ్యాసము స్తుతిపాఠ మగును. కులము బాప్తిస్మపు నీటిలో మునిగి చావలేదు. మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు, అగ్రవర్ణపు క్రైస్తవులు అను భేదము చాల సంఘములలో పెండ్లిండ్లయందును, కొన్ని చోట్ల శ్మశానములయందును నిలిచియే యున్నది. గుఱ్ఱం జాషువా 1895లో వినుకొండలో క్రైస్తవకుటుంబమున పుట్టి ఊరిచేతను సంఘముచేతను అవమానములు పడెను. 1941లో అతడు తన మొఱను గబ్బిలము చేతికిచ్చి కాశీలోని శివునికి పంపెను. ఆ కవియే తరువాత క్రీస్తు చరిత్రము వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. ఓదార్పు పొందినవాడు ఫిర్యాదు మానవలెనను నియమము లేదని ఆయన జీవితమే చెప్పుచున్నది.

ఆ ఓదార్పునకు రాజ్యము వెల కట్టినది. 1950లో రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులములవారికి గల హక్కులను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ హక్కులు వర్తించునట్లు సవరించిరి, క్రైస్తవులకు వర్తింపజేయలేదు. మన రాష్ట్రములలో వారిని వెనుకబడిన తరగతులలో సి వర్గముగా చేర్చి నూటికొక పాలు ఇచ్చిరి. దీని మంచిచెడ్డలు న్యాయవేత్తలు తర్కింతురు. మేము చూచునది ఒక్కటే. మతము మారిన మాదిగకు బావికడ మర్యాద పెరుగలేదు. పత్రములలో హక్కు మాత్రము తరిగినది. ఇట్టి నష్టమును తెలిసియు దానిని విడువనివారిని గంజికి అమ్ముడుపోయిన వారనుట ఎట్టి లెక్క?

మఱియొక హెచ్చరిక మా ఊరివారికి. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు విరుచుకుపడి 17 మంది చనిపోయిరి. 2021 నవంబరు 10వ తేదీన మా శ్రీరాంపూర్‌లోని 3వ గనిలో పైకప్పు కూలి నలుగురు మరణించిరి. ఇట్టి దినములందు గుడిలోను మసీదులోను చర్చిలోను ప్రార్థన జరుగును, జరుగవలయును. కాని పైకప్పునకు ఆధారము నిలుపుట ప్రార్థన పని కాదు, మనుష్యుల పని. దైవచిత్తమను మాట చాటున గనిలోని లోపము దాగినచో అది ఓదార్పు కాదు, మత్తుమందు. ధాత కరవునాడు క్లౌ గుడిసెలో కూర్చుండి కీర్తనలు మాత్రమే పాడించియుండిన, ఆ కీర్తనలు పాడువారు కొలదికాలములో లేకపోయియుందురు. అతడు కాలువ కొలిచెను, కూలి సరిగా చెల్లించెను, పిమ్మట బోధించెను. బోధను కూలితో ముడిపెట్టక విడదీసెను. ఈ మూడును కలిసినందుననే ఆ ఓదార్పు నిలిచెను.

పదునైదు దినముల పిమ్మట మేము మఱల ఆ వృద్ధురాలి యింటికి పోయితిమి. మా మిత్రుడును వెంట వచ్చెను. ఆమె అరుగుమీద కూర్చుండి మనుమరాలిచేత పాఠము చదివించుచుండెను. ఆ పిల్ల తండ్రి లేనిదై బడి మానునేమో యని మేము శంకించితిమి. "బడి ఎందుకు మానుతది సారూ? మా సంఘపోల్లు ఫీజుకు తలా ఇంత ఏసుకున్నరు. మీ బళ్లెనే ఏస్తున్న" అని ఆమె చెప్పెను. మా మిత్రుడు కొంతసేపు ఊరకుండి, ఆ పిల్ల పుస్తకములకు తాను ఇత్తునని చెప్పెను. ఆమె, "ఇయ్యి నాయనా, ఎవలు ఇచ్చినా సదువే గదా" అని నవ్వెను. జూన్ నెలలో ఆ బాలిక మా తరగతిలో చేరినది.